పర్వతం వేరు మీద చెయ్యి వేశాను

మా ఊరు పరిటాల అంటే అందరికీ వజ్రాలు, ఆంజనేయస్వామి. నాకు మాత్రం మొన్న ఆదివారం నుంచి రాళ్లు! మామూలు కొండరాళ్లు! కనబడిన వాళ్లందరికీ చెబుతున్నాను, ఇప్పుడు మీకూ చెప్పాలి.

మా మేడెక్కితే తూర్పున కొండపల్లి కొండలు కనబడతాయి. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నా, వాటి సంగతే తెలియదు. మొన్న ఆ కొండల మీది కొండపల్లి ఖిల్లాకి వెళ్తూ బండ పగిలిన చోట ఆగాను. నల్ల చార, తెల్ల చార, మళ్లీ నల్ల చార. ఒకచోట అవన్నీ మడత కాజాలా చుట్టుకుపోయాయి. మధ్య మధ్య దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి పలుకులు, గోటితో ఎంత గీకినా రాలేదు. వాటిని గార్నెట్లంటారు. ఆ పేరు కూడా లాటిన్‌లో దానిమ్మ నుంచే వచ్చిందని తెలిసి ఒళ్లు పులకరించింది.

రాయి మడత పడటమేమిటి? ఇంటికొచ్చి రాత్రంతా చదివాను. ఈ రాళ్లు సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట, భూమిలో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు లోతున, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికాయట. అంత వేడిలో, అంత బరువు కింద రాయి కూడా పిండిలా సాగుతుంది. తర్వాత యుగాల తరబడి పైనున్న కొండ అరుగుతూ, అడుగునున్నది పైకి లేస్తూ వచ్చింది. అంటే మనం కొండలంటున్నవి ఒకనాటి మహాపర్వతం వేళ్లు!

ఇక పడమటికి, జగ్గయ్యపేట వైపు వెళ్లండి. అంతా సున్నపురాయి. ఒకప్పటి సముద్రం అడుగున పొర మీద పొర పేరుకున్నది. రెండు వేల ఏళ్ల కిందట అక్కడ మాంధాత చక్రవర్తి శిల్పాన్ని చెక్కింది ఆ జాతి పలకల మీదే, నేటి సిమెంటుకీ ఆ రాయే ఆధారం. తూర్పు కనుమల నేల పడమటికి నెట్టుకొచ్చి పాత నేల మీదికెక్కిన ప్రాంతం మనది. సముద్రం అడుగు నుంచి భూగర్భం దాకా హైవే మీద గంటన్నర ప్రయాణం!

బుధగ్రహం మీదా ఇలా నేల మీదికి నేల ఎక్కింది. 1974లో మారినర్ 10 అంతరిక్ష నౌక తీసిన ఫొటోల్లో వందల కిలోమీటర్ల గట్లు కనిపించాయి. లోపల చల్లారేకొద్దీ గ్రహం కుంచించుకుపోయి, పైపెంకు ఎండిన నిమ్మకాయలా ముడతలు పడింది. అక్కడ వాన లేదు, ఏరు లేదు. అందుకే ఆ గట్లు ఇంకా నిలబడే ఉన్నాయి, వాటి అడుగున ఏముందో మాత్రం కంటికి కనబడదు. ఇక్కడ పర్వతం పోయింది, వేరు మిగిలింది. దాని మీద నా చెయ్యి వేశాను.

ఈసారి ఖిల్లాకి వెళ్తే కోట చూసే ముందు దారి పక్క పగిలిన బండ దగ్గర ఆగండి. కాస్త నీళ్లు చల్లండి. ఆ ఎర్ర పలుకులు ఎలా మెరుస్తాయో చూడండి!