గెలతో పాటే పొలం సారం

గౌతమి మీద జొన్నాడ వంతెన దాటితే రావులపాలెం. ఇంకాస్త ముందుకెళితే సిద్ధాంతం వంతెన, దాని కింద వశిష్ఠ. రెండు పాయల నడుమ, కోనసీమకు ముఖద్వారంలా ఉన్న ఈ ఊరికి అరటి మార్కెట్టే ఆయువుపట్టు. కర్పూర, చక్రకేళి, అమృతపాణి, బొంత... ఇక్కడ లారీలెక్కిన గెలలు ఒడిశా దాటి పోతాయి.

వాటితో పాటే పోయేది మరొకటుంది. పొటాష్! అరటికి దాని మీదున్నంత ఆకలి మరే పోషకం మీదా ఉండదు. లంకల్లో అయితే గోదారి ఒండ్రు పోసి ఆ లోటు కొంత తీరుస్తుంది. 2022 జులైలోలా తోటల్నీ ముంచేస్తుంది. ఏటిగట్టుకు ఇవతలి పొలాలకు ఆ భయం తక్కువ, ఆ భాగ్యమూ లేదు. వాటికి బస్తా ఎరువే దిక్కు. ఆ పొటాషేమో విదేశాల నుంచి రావాల్సిందే.

నిజానికి కొంత పొటాష్ చేలోనే ఉంది. గెల కోశాక మిగిలే బోదె నిండా అదే. ముక్కలు చేసి కుళ్లబెడితే మళ్లీ నేలకే చేరుతుంది. కానీ అంత బరువు నరికించాలంటే కూలి ఖర్చు. గట్టు మీద పారేయడమే తేలిక. పైగా ఓ చిక్కు... అమృతపాణిని పట్టే పనామా తెగులు సోకిన బోదెను మాత్రం చేలో కలపకూడదు. ఆ శిలీంధ్రం ఏళ్ల తరబడి మట్టిలోనే కాచుకుని ఉంటుంది.