విప్పకుండా లోపలికి

ఆక్స్‌ఫర్డ్ చూడ్డానికి వచ్చినవాళ్లు పార్క్స్ రోడ్డు మీద మ్యూజియంలో రాక్షసబల్లుల అస్థిపంజరాలు చూస్తారు, ఎదురుగా కీబుల్ కాలేజీ ఎర్రిటుకల గోడ ముందు ఫొటో దిగుతారు, మళ్లీ ఊళ్లోకి వెళ్లిపోతారు. మా మేనకోడలు మాత్రం నన్ను అక్కడికి కాస్త దూరంలో ఉన్న క్లారెండన్ ప్రయోగశాలలోకి తీసుకుపోయింది. బ్యాటరీల్లో వాడే పదార్థాల మీద కంప్యూటర్‌తో లెక్కలు కట్టడం తన ఉద్యోగం. ఆ ఉద్యోగం ఏమిటో ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా నాకు అంతుపట్టలేదు. "ముందు ఇది చూడు మామయ్యా, తర్వాత నా సంగతి చెప్తాను" అంది.

అద్దాల మూత కింద రెండు చిన్న ఇత్తడి గంటలు. ఒక్కో గంట పైన కొవ్వొత్తిలా నిలబడ్డ ఒక్కో బ్యాటరీ. మధ్యలో సన్నటి దారానికి నాలుగు మిల్లీమీటర్ల గోళీ వేలాడుతోంది. ఒక గంటకు తగిలి దాని విద్యుదావేశం తెచ్చుకుంటుంది, అది నెట్టేయగానే రెండో గంటకు పోయి తగులుతుంది. సెకనుకు సుమారు రెండుసార్లు. 1840లో అమర్చినట్టు పక్కన కాగితం ఉంది. గాలిలో తేమ పెరిగినప్పుడు అప్పుడప్పుడూ కాసేపు ఆగడం తప్పితే, అప్పటినుంచీ అవే బ్యాటరీలతో ఊగుతూనే ఉందట. చెవి దగ్గరగా పెట్టాను. అద్దం దాటి ఏమీ వినిపించలేదు.

"లోపల ఏముంది మరి, ఇన్నాళ్లు నడవడానికి?" అన్నాను.

"కచ్చితంగా ఎవరికీ తెలీదు. ఆ రోజుల్లో ఇలాంటివాటిని తగరపు రేకు, కాగితం, మాంగనీస్ డయాక్సైడ్ బిళ్లలు వేల కొద్దీ పేర్చి చేసేవాళ్లు. ఇవీ అలాంటివే అనుకుంటారు. పైన గంధకం పూసి మూసేశారు. విప్పితే తెలుస్తుంది. విప్పితే ఆగిపోతుంది."

కాసేపాగి తనే అంది: "మా గొడవంతా ఇదే. నడుస్తున్న బ్యాటరీలో ఏం జరుగుతోందో మాకు కావాలి. కోసి చూద్దామంటే, గాలి తగిలేసరికి లోపలి సరుకు మారిపోతుంది."

బయటికొచ్చి సౌత్ పార్క్స్ రోడ్డు మలుపు తిరిగితే ఇనార్గానిక్ కెమిస్ట్రీ ప్రయోగశాల. గోడకి నీలం రంగు ఫలకం. 1980లో జాన్ గుడెనఫ్, కొయిచి మిజుషిమా, ఫిలిప్ జోన్స్, ఫిలిప్ వైజ్‌మన్ ఇక్కడే లిథియం అయాన్ బ్యాటరీకి దారి తీసిన క్యాథోడ్ పదార్థాన్ని గుర్తించారని దాని మీద రాసి ఉంది. రోడ్డు మీద పోతున్న పిల్లల్లో ఒక్కరైనా తలెత్తి చూడలేదు. అందరి జేబుల్లోనూ దాని సంతానమే ఉంది.

అంతకుముందు అమెరికాలో స్టాన్లీ విటింగ్‌హామ్ టైటానియం సల్ఫైడ్‌తో చేసిన లిథియం బ్యాటరీ రెండు వోల్టులకు కాస్త పైగా ఇచ్చేది. గంధకానికి బదులు ఆక్సిజన్ ఉన్న పదార్థం పెడితే వోల్టేజి ఇంకా పెరగాలని గుడెనఫ్ ఊహ. లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ నాలుగు వోల్టులు ఇచ్చింది. దాని నిర్మాణం మేనకోడలు చెబుతుంటే నాకు ఆత్రేయపురం పూతరేకు కళ్లముందు మెదిలింది. కోబాల్టు, ఆక్సిజన్ కలిసిన పల్చటి పొరలు, వాటి నడుమ పంచదార పొడిలా లిథియం. ఛార్జి చేస్తే లిథియం బయటికి నడుస్తుంది, వాడుకుంటే తిరిగి లోపలికొస్తుంది. సగం దాకా తీస్తే పొరలు తట్టుకుంటాయి. ఆశకు పోయి ఇంకా లాగితే అమరిక చెడుతుంది.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దీనికి పేటెంటు తీసుకునే ఉత్సాహం చూపలేదు. హక్కులు దగ్గర్లోని హార్వెల్ అణుశక్తి పరిశోధన కేంద్రానికి పోయాయి, గుడెనఫ్‌కి రాబడి లేదు. జపాన్‌లో అకిరా యోషినో 1985లో రెండో కొసన లిథియం లోహాన్ని తీసేసి కార్బన్ పదార్థం పెట్టాడు. 1991లో సోనీ బజారులోకి తెచ్చింది. విటింగ్‌హామ్, గుడెనఫ్, యోషినోలకు నోబెల్ బహుమతి 2019లో వచ్చింది. అప్పటికి గుడెనఫ్‌ గారికి 97 ఏళ్లు.

మేనకోడలి గది చూసి కొంచెం నిరాశపడ్డాను. రెండు తెరలు, ఓ కుర్చీ, టీ కప్పు. స్ఫటికంలో ఏ పరమాణువు ఎక్కడుందో కంప్యూటర్‌కి చెబుతుంది. ఎలక్ట్రాన్ల శక్తిని అది క్వాంటం సిద్ధాంతం ప్రకారం లెక్కగడుతుంది. లిథియం ఉన్నప్పటి శక్తికీ, తీసేసిన తర్వాతి శక్తికీ తేడా పట్టుకుంటే వోల్టేజి తెలుస్తుంది. లిథియం ఒక చోటు నుంచి పక్కచోటుకి గెంతడానికి ఎంత శక్తి కావాలో తెలిస్తే, ఛార్జింగ్ చురుగ్గా ఎక్కుతుందో లేదో చెప్పొచ్చు.

"ఇదంతా నిజమని నమ్మకమేంటి?" అన్నాను, లెక్చరర్‌గా పనిచేసిన పాత అలవాటు కొద్దీ.

"ఐరన్ ఫాస్ఫేట్ కథ చెప్తా విను" అంది. 1997లో టెక్సస్‌లో గుడెనఫ్ బృందంలోని అక్షయ పాఢి, కె.ఎస్. నంజుండస్వామి లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ని బ్యాటరీకి పనికొచ్చే పదార్థంగా చూపించారు. అందులో లిథియం ఎలా కదులుతుంది? 2005లో సైఫుల్ ఇస్లాం బృందం లెక్క కట్టి, ఒకే దిశలో సాగే సొరంగంలో వంపులు తిరుగుతూ పోతుందని చెప్పింది. 2008లో జపాన్ పరిశోధకులు న్యూట్రాన్లతో పరీక్షించి చూస్తే ఆ వంపు దారే కనిపించింది. ఆ ఇస్లాం గారు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోనే ప్రొఫెసర్.

కింది అంతస్తులో తన సహోద్యోగి పని. పెద్ద గాజు పెట్టె, దానికి అతికించిన నల్లటి రబ్బరు చేతొడుగులు, లోపల ఆర్గాన్ వాయువు. తేమ, ఆక్సిజన్ పది లక్షల భాగాల్లో ఒక భాగానికి మించకూడదట. అతను ఆ చేతొడుగుల్లోకి చేతులు దూర్చి, చొక్కా గుండీ అంత కాయిన్ సెల్‌ని పొర మీద పొర పెట్టి నొక్కి మూశాడు. పక్క గదిలో అలాంటివి వరసలు వరసలుగా ఛార్జి ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. ఒక్కోదాని ఫలితానికి నెలలు పడుతుంది. "తన స్ఫటికంలో తేమ ఉండదు, లోపం ఉండదు. నాది మాత్రం నిజంగా ఉన్న పొడి" అని మా పిల్లని చూపించి నవ్వాడు. తనూ నవ్వింది గానీ, ఆ మాట తగిలినట్టే ఉంది.

నా మనసులో ఉన్నది అడిగేశాను. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషుల ప్రాణాలు పోయాయి. ఏ బ్యాటరీలో ఏ తప్పు జరిగిందో ఇక్కడ కూర్చుని చెప్పలేమన్నారు ఇద్దరూ. కానీ మంట ఎందుకు అంత త్వరగా అంటుకుంటుందో చెప్పారు. లోపలి ద్రవం మండే స్వభావమున్నది. బాగా వేడెక్కితే కోబాల్ట్ ఆక్సైడ్ లాంటివి ఆక్సిజన్‌ని కూడా వదులుతాయి. మంటకు కావలసినవన్నీ ఒకే డబ్బాలో సమకూరుతాయి. ఐరన్ ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్‌ని ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది గనక ముప్పు తక్కువ. అయితే అదే బరువుకి నిల్వయ్యే శక్తీ తక్కువే. ద్రవం బదులు ఘనపదార్థం పెట్టాలన్నది వీళ్లిద్దరి ప్రయత్నం.

మర్నాడు హార్వెల్ బయల్దేరాం. డిడ్‌కాట్ దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు. పొలాల మధ్య వెండి కంకణంలా డైమండ్ సింక్రోట్రాన్ భవనం. సందర్శకులను రానిచ్చే రోజు కావడంతో స్కూలు పిల్లలతో కలిసి మేమూ లోపలికెళ్లాం. 562 మీటర్ల చుట్టుకొలత ఉన్న వలయంలో ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో తిరుగుతాయి. వంపు తిరిగిన చోటల్లా ఎక్స్ కిరణాలు చిమ్ముతాయి. వాటి దారిలో బ్యాటరీని పెట్టి, ఛార్జి ఎక్కుతుండగానే పొరలు ఎంత ఉబ్బాయో కొలుస్తారు. లిథియంకి ఉన్నవి మూడే ఎలక్ట్రాన్లు కాబట్టి ఎక్స్ కిరణాలకు అది సరిగా ఆనదు. దానికోసం పక్కనే ఐసిస్ అనే న్యూట్రాన్ల కేంద్రం ఉంది. 2017లో బ్యాటరీ పరిశోధనల కోసం పెట్టిన ఫారడే ఇన్‌స్టిట్యూషన్ కూడా ఈ ఆవరణలోదే.

కొలిమిలో కాల్చేవాళ్లూ, కిరణాలతో కొలిచేవాళ్లూ, తెరమీద లెక్కగట్టేవాళ్లూ ఎవరికి వారే అయితే పని జరగదని అక్కడ తిరిగేసరికి నాకు అర్థమైంది. ఒకరి జవాబు ఇంకొకరికి ప్రశ్న.

తిరుగు రైలులో మేనకోడలు ల్యాప్‌టాప్ తెరిచింది. వారంగా నడుస్తున్న లెక్క ముగిసింది. సహోద్యోగి వచ్చే నెల తయారుచేద్దామనుకున్న ఘనపదార్థంలో లిథియం కదలడానికి అడ్డు చాలా ఎక్కువని తేలింది. ముఖం చిన్నబోతుందేమో అనుకున్నాను. తను చకచకా రెండు ముక్కలు రాసి పంపింది: అది చేయొద్దు, రెండోదానితో మొదలుపెట్టు.

"ఇంత కష్టపడితే 'వద్దు' అని తేలిందా?" అన్నాను.

"అతనికి ఆర్నెల్లు మిగిలాయి మామయ్యా" అంది, తర్వాతి లెక్కకి అంకెలు ఎక్కిస్తూ.