కాఫీ హౌస్‌లో క్లాసు

తిరువనంతపురంలో రైలు దిగి తంపానూరు బస్టాండు వైపు నడిస్తే ఇటుక రంగులో గుండ్రటి కట్టడం ఒకటి కనిపిస్తుంది. ఇండియన్ కాఫీ హౌస్. లోపల విడివిడి అంతస్తులు లేవు. స్ప్రింగులా చుట్టుకుంటూ పైకెళ్లే ర్యాంపు, దాని వెంటే కట్టేసిన బల్లలు, బెంచీలు. తలపాగా సర్వర్లు ప్లేట్లతో ఆ వాలు మీదే చకచకా తిరుగుతుంటారు. మసాలా దోసెలో బీట్‌రూట్ పెడతారు. నాకైతే ఎక్కలేదు. కాఫీ మాత్రం రెండోసారి తాగాను.

దీన్ని డిజైన్ చేసింది లారీ బేకర్. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 1945లో మన దేశానికొచ్చి, ఇక్కడే ఉండిపోయిన ఆర్కిటెక్ట్. 2007లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

నేను టెక్నోపార్క్‌లో పని చేస్తున్నా. బీఆర్క్ మూడో ఏడు చదివే మా చెల్లి బ్యాచ్ టూరుకొస్తే ఆదివారం వాళ్లతో కలిశాను. వాళ్ల సార్ మొదటి మాటే, ‘‘ఫోన్లు లోపల పెట్టండి. బెంచీ ఎత్తు జానతో కొలవండి. గాలి ఎటునుంచి వస్తోందో చెప్పండి.’’ గోడ కన్నాల దగ్గర చేతులు పెట్టి అరగంట వాదించుకున్నారు.

మధ్యాహ్నం ఊరి బయట, కడుతున్న ఒక ఇంటి దగ్గర అసలు పాఠం. సిమెంటు లేకుండా ఇటుకలు పేర్చమన్నారు. ‘‘రెండేళ్లుగా గోడలు గీస్తున్నాం అన్నయ్యా, ఇటుక పట్టుకోవడం ఇదే మొదలు’’ అంది చెల్లి.

నేర్పింది ర్యాట్ ట్రాప్ బాండ్. ఇటుకని పడుకోబెట్టకుండా పక్కకి నిలబెడతారు. లోపలొకటి, బయటొకటి, మధ్యలో మూడంగుళాల ఖాళీ. ఆ రెండింటినీ కలుపుతూ అక్కడక్కడా అడ్డంగా ఒకటి. గోడ మందం మామూలు తొమ్మిదంగుళాలే. ఇటుకలు మాత్రం దాదాపు పాతిక శాతం తగ్గుతాయి. మధ్యలో నిలిచిన గాలి వేడిని తొందరగా లోపలికి రానివ్వదు.

వింటుంటే నాకు గుంటూరు మే నెల గుర్తొచ్చింది. నాన్న రిటైర్మెంట్ డబ్బుతో పై వాటా కట్టిస్తున్నారు. చెల్లి అక్కడికక్కడే వీడియో కాల్ చేసింది.

‘‘గుల్ల గోడలో మేకు ఆగుద్దా అమ్మా?’’ అన్నారు నాన్న.

సారే ఫోన్ అందుకున్నారు. ‘‘గీజరు, టీవీ వచ్చే చోట ముందే నిండుగా కట్టించుకోవాలండీ. మూలలు, తలుపుల పక్కన కూడా.’’

మేస్త్రి ఒప్పుకోలేదు. అలవాటు లేని పని, కూలి పెరుగుద్దన్నాడు. అతని మాటా కొట్టిపారేయలేం. ఇటుకల్లో మిగిలింది కూలీకి పోతే నాన్నకి ఒరిగేదేముంది? చివరికి ప్రహరీలో పదడుగులు కట్టి లెక్క చూద్దామనుకున్నారు. పేర్చి చూపించడానికి సంక్రాంతికి చెల్లి వెళ్తోంది. ఇటుకలు దింపించేశారట.