చలి కాళ్ల నుంచి ఎక్కుతుంది

చలి అనగానే మనవాళ్లకు ముందు చెవులు గుర్తొస్తాయి. లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో డిసెంబరు తెల్లవారుజామున చూడండి. తలకు మంకీ క్యాప్, మెడకు మఫ్లరు, ఒంటికి స్వెటరు, దానిమీద శాలువా. కాళ్లకు మాత్రం హవాయి చెప్పులే. ఆ చలికి అది చాలు. ఎండ పొడ తగిలితే సర్దుకునే చలి అది, అక్కడ కాళ్ల కింద నేల గడ్డకట్టదు.

షికాగోలో, మినియాపొలిస్‌లో, టొరంటోలో జనవరి చలి అలా ఉండదు. అక్కడ నేలే చల్లదనానికి నిలయం. గడ్డకట్టిన కాలిబాట మీద పలచటి సోలున్న బూట్లతో కాసేపు నిలబడితే అరికాలి వేడిని నేల లాగేసుకుంటుంది. 2019 జనవరి నెలాఖరులో షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ ముప్పై డిగ్రీల దాకా పడిపోయింది. అలాంటి రోజులు అరుదే గాని, మైనస్ పది, పదిహేను అక్కడ పెద్ద విశేషం కాదు. ఒంటిమీద ఎంత ఖరీదైన కోటు ఉన్నా పాదాలు చల్లబడితే మనిషి మొత్తం వణికిపోతాడు.

ఇది ముఖ్యంగా పండక్కి అటూ ఇటూగా పిల్లల దగ్గరికి బయల్దేరే తల్లిదండ్రుల కోసం, వాళ్లను పిలిపించుకునే పిల్లల కోసం రాస్తున్నాను. ప్రయాణం ఖాయమైన రోజు నుంచి మన ఇళ్లలో జరిగే హడావిడి అందరికీ తెలిసిందే. ఆవకాయ సీసాలకు పాలిథిన్ చుట్టి, కందిపొడి, నువ్వులపొడి, అరిసెలు, జంతికలు పొట్లాలు కట్టి, పెట్టెలు ఇరవైమూడు కిలోలు దాటకుండా తూకం వేసి సర్దుతారు. స్వెటర్లు కొంటారు, థర్మల్స్ కొంటారు. బూట్ల దగ్గరికి వచ్చేసరికి "అక్కడికెళ్లాక చూద్దాంలే" అంటారు. నిజానికి ఆ మాటలో తప్పేమీ లేదు. మంచుదేశపు బూట్లు మంచుదేశంలో కొనడమే మేలు. కాకపోతే అక్కడ ఏం చూడాలో తెలిసి ఉండాలి. ఆ చూడవలసిన వాటిలో గొర్రెతోలు బూట్లను నేను ముందు వరసలో పెడతాను. పెద్దవాళ్ల పాదాలకు అంత మెత్తగా, అంత వెచ్చగా ఉండేవి ఇంకేవీ నాకు కనిపించలేదు.

పాదాలే ఎందుకు ముందు చల్లబడతాయంటే, చలిలో శరీరం తన వేడిని గుండె, ఊపిరితిత్తులు, కాలేయం ఉన్న నడిమి భాగం కోసం దాచుకుంటుంది. చేతుల్లో, కాళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. వేళ్ల దాకా వెళ్లే నెత్తురు తగ్గిపోతుంది. వయసు పైబడినవాళ్లలో రక్తప్రసరణ అసలే మందంగా ఉంటుంది. దానికి తోడు మన ఇళ్లలో షుగర్ ఉన్న పెద్దవాళ్లు తక్కువేమీ కాదు. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. బూటు కరుస్తున్నా తెలియదు, వేలు మొద్దుబారుతున్నా తెలియదు. "నాకు చలేం వేయట్లేదమ్మా" అని వాళ్లు చెప్పేది నిజమే కావచ్చు, కానీ ఆ మాటను నమ్ముకుని ఊరుకోకూడదు. అందుకే బూట్ల ఎంపికను అందచందాల వ్యవహారంగా నేను చూడలేను. అది ఆరోగ్యం సంగతి.

ఇక ఉన్ని గొప్పతనం. వెచ్చదనం ఇచ్చేది ఉన్ని పోగు కాదు, ఆ పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి. ఉన్ని పోగు తిన్నగా ఉండదు, సన్నటి వంకీలు తిరిగి ఉంటుంది. ఆ వంకీలు ఒకదాన్నొకటి ఆనుకుని మధ్యలో లెక్కలేనన్ని గాలి గదులు ఏర్పడతాయి. నిశ్చలమైన గాలి వేడిని అంత తేలిగ్గా దాటనివ్వదు. ఈ కిటుకు చాలా పాతది. 1991లో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దున ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి శవం దాదాపు 5,300 ఏళ్ల నాటిది. అతని బూట్లకు అడుగున ఎలుగు తోలు, పైన జింక తోలు, లోపల ఎండుగడ్డి. ఆ గడ్డి జారిపోకుండా చెట్టు నారతో అల్లిన వల. గడ్డి చేసిన పనీ గాలిని పట్టి ఉంచడమే.

ఉన్నికి ఇంకో గుణం ఉంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పోగు లోపలికి పీల్చుకుని కూడా పైకి పొడిగానే ఉంటుంది. పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని కూడా విడుదల చేస్తుంది. పాదానికి చలిలోనూ చెమట పడుతుంది, ముఖ్యంగా బయటి మంచులోంచి హీటరు వేసిన మాల్‌లోకి, అక్కడి నుంచి మళ్లీ మంచులోకి తిరిగేటప్పుడు. నూలు సాక్సు ఆ చెమటతో తడిసి అలాగే అంటుకుని ఉంటుంది. తడి వేడిని తోడేస్తుంది. ఉన్ని ఆ తేమను పాదం నుంచి దూరంగా తీసుకుపోతుంది. వానలో గొంగడి కప్పుకుని గొర్రెల వెంట తిరిగే మన కాపరులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

గొంగడి మాట వచ్చింది కాబట్టి మన గొర్రెల గురించి కూడా చెప్పుకోవాలి. పొడుగ్గా, ఠీవిగా ఉండే నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, మేకకు ఉన్నట్టు పొట్టి వెంట్రుకలే. తెలంగాణలో కురుమలు గొంగళ్లు నేసేది దక్కని గొర్రె ఉన్నితో. అది ఎక్కువగా నలుపు, గరుకు. నేశాక చింతగింజల గంజి పెడితే ఆ గొంగడి ఎండకూ వానకూ గట్టిగా నిలబడుతుంది. భుజాన వేసుకోవడానికి అది బంగారం. బూటు లోపల పరవడానికి మాత్రం మెత్తదనం కావాలి. ఆ మెత్తదనం మెరినో జాతిది. స్పెయిన్‌లో పెంచుకున్న ఆ జాతి 1797లో ఆస్ట్రేలియా చేరింది, ఆ దేశపు సంపదకే ఆధారమయింది. ఈ బూట్ల తోలును ఉన్ని ఊడగొట్టకుండానే పదును చేస్తారు. ఉన్నిని అంగుళంలో సగం, ఆపైన కొంచెం ఉండేలా సమంగా కత్తిరిస్తారు. తోలు వైపు బయటికి, ఉన్ని వైపు లోపలికి వస్తుంది. మధ్యలో గుడ్డ లేదు, జిగురు లేదు. గొర్రె ఒంటిమీద ఎలా మొలిచిందో అలాగే పాదం చుట్టూ ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం వాళ్లు గొర్రె ఉన్ని పరిచిన బూట్లతో ఆకాశంలో చలికి తట్టుకున్నారు. 1943లో వచ్చిన నమూనాలో ఒక చిన్న కత్తి దాచి పెట్టేవారు. విమానం కూలి శత్రువుల నేల మీద దిగితే ఆ కత్తితో పిక్కల మీది భాగాన్ని కోసేయాలి. మిగిలింది మామూలు నల్లబూటు, ఊళ్లో జనంలో కలిసి నడిచిపోవచ్చు. ఆ కోసిన ఉన్ని ముక్కలు కూడా చలికి అక్కరకొస్తాయి.

ఆ తర్వాత ఆస్ట్రేలియాలో సముద్రపు అలల మీద ఆడుకునే కుర్రాళ్లు గొర్రెతోలు బూట్లను పట్టుకున్నారు. చన్నీళ్లలోంచి వచ్చి తడికాళ్లు నేరుగా ఉన్నిలో పెట్టుకునేవారు. అక్కడ వీటిని అగ్ బూట్లు అంటారు. అది ఆ దేశంలో అందరూ వాడే మాట. 1978లో బ్రయన్ స్మిత్ అనే ఆస్ట్రేలియన్ యువకుడు వీటిని కాలిఫోర్నియాకు తీసుకెళ్లి వ్యాపారం మొదలుపెట్టాడు. 1995లో దాన్ని డెక్కర్స్ అనే అమెరికన్ కంపెనీకి అమ్మేశాడు. 2000లో ఓప్రా విన్‌ఫ్రీ తన కార్యక్రమంలో వాటిని మెచ్చుకున్నాక అమెరికా అంతటా పేరొచ్చింది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, అమెరికాలో ఆ మాట ఒక్క కంపెనీ సొంత పేరు. 2019లో షికాగోలోని ఫెడరల్ కోర్టు జ్యూరీ ఒక ఆస్ట్రేలియన్ తయారీదారు ఆ పేరు వాడినందుకు నాలుగున్నర లక్షల డాలర్లు కట్టమంది. ఇంత కథ చెప్పడం ఎందుకంటే, పేరు చూసి కొనవద్దనడానికే. పేరున్న బూట్లలోనూ అన్నీ అచ్చమైన గొర్రెతోలువి కావు, కొన్నింటిలో ఉన్నిని గుడ్డకు అతికిస్తారు. పేరు లేని వాటిలో అసలుసిసలైనవి ఉంటాయి. చదవాల్సింది లోపలి చీటీ మీద రాసిన సరుకు వివరం.

చీటీతో పాటు వేళ్లతో కూడా చూడండి. బూటు నోటి దగ్గర ఉన్నిని రెండు బొటనవేళ్లతో పాపట తీసినట్టు విడదీయండి. అడుగున తోలు కనబడి, పోగులు దాంట్లోంచే మొలిచినట్టు ఉంటే అది గొర్రెతోలు. అడుగున నేత కనబడితే గుడ్డ. అసలు ఉన్ని పిడికిట్లో నొక్కి వదిలితే లేచి నిలబడుతుంది, రంగు కూడా అంతటా ఒక్కలా తెల్లగా ఉండక కాస్త మీగడ ఛాయలో ఉంటుంది. పాలిస్టర్ బొచ్చు మొదటి వారం ఎంతో మెత్తగా ఉంటుంది, తర్వాత ఉండలు కట్టి అణిగిపోతుంది. తేమ పీల్చుకోదు కాబట్టి పాదం చెమ్మగిల్లుతుంది. అసలువి చాలావరకు వంద డాలర్ల పైనే. ఇద్దరికి నాలుగు రకాల చవక బూట్లు కొనే బదులు చెరొక మంచి జత కొనడం నయం.

సైజు దగ్గర మనవాళ్ల అలవాటు వేరు. "కాస్త వదులుగా తీసుకుంటే రెండు సాక్సులు వేసుకోవచ్చు" అంటారు. గొర్రెతోలుకు ఆ లెక్క పనికిరాదు. కొత్తలో అది పాదాన్ని చుట్టూ ఒత్తి పట్టినట్టు ఉండాలి, వేళ్లు మాత్రం కదలాలి. కొత్త దూదిపరుపు పడుకోగా పడుకోగా మనిషి ఒంటి మేరకు అణిగినట్టే ఈ ఉన్నీ పాదం మేరకు అణుగుతుంది. వదులుగా తీసుకుంటే నెల తిరిగేసరికి మడమ జారుతుంది. మంచుమీద మడమ జారడం ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు. అలాగని వేళ్లు ముడుచుకునేంత బిగువు అసలే వద్దు, బిగిస్తే ఉన్న కాస్త నెత్తురూ ఆగిపోతుంది. రెండు నూలు సాక్సులు తొడిగి బూట్లో కుక్కిన పాదం, సాక్సు లేకుండా అదే బూట్లో పెట్టిన పాదం కన్నా త్వరగా చల్లబడవచ్చు. ఈ బూట్లను చాలామంది సాక్సులు లేకుండానే వేసుకుంటారు, ఉన్నికి ఒంటిని తగలనివ్వడమే వాటి సుఖం. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం పలచటి ఉన్ని సాక్సు ఒకటి వేసుకోవాలి, తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూసుకోవాలి.

అమ్మలకు చీర సంగతి ఉంది. పిక్కల దాకా వచ్చే బూట్లు చలికి మంచివే గాని, వంగి లాగి తొడుక్కోవడం మోకాళ్ల నొప్పులున్నవాళ్ల వల్ల కాదు. చీలమండ పైదాకా వచ్చి పక్కన జిప్పు ఉన్నవి సుఖం. కుచ్చెళ్లు కొంచెం పైకి కట్టుకుంటే బూటు అంచుకు అందక మంచులో తడవవు. షికాగో దగ్గర అరోరాలో బాలాజీ గుడికి వెళ్లినా, ఎవరింటికి వెళ్లినా గుమ్మం దగ్గర విప్పాలి, మళ్లీ వేసుకోవాలి. లేసులు కట్టుకునే బూట్లు ఆ పనికి నరకం. గుమ్మం పక్కన ఒక చిన్న స్టూలు వేయించండి, ఒంటికాలి మీద నిలబడి బూటు లాగబోయి పడినవాళ్లు ఉన్నారు.

ఈ బూట్లకు ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచను. ఇవి పొడి చలికి పుట్టినవి. కరిగీ కరగని బురదమంచు వీటికి శత్రువు. తోలు బయటివైపు నీరు పీల్చుకుంటుంది, రోడ్ల మీద చల్లే ఉప్పు తెల్లటి మరకలుగా తేలుతుంది. రక్షణగా స్ప్రే కొట్టినా అది తుంపర్లకే గాని గుంటల్లో నడవడానికి కాదు. అడుగు భాగం చాలావాటిలో తేలికపాటి నురగ సోలు, గచ్చు మీద మెత్తగా ఉంటుంది, నున్నటి మంచు మీద జారుతుంది. కాబట్టి బయట నడవడానికి కొంటున్నట్టయితే అడుగున లోతైన గాళ్లున్న రబ్బరు సోలు, పాదం చుట్టూ నీరు చొరని అంచు ఉండి, లోపల గొర్రెతోలు ఉన్న బూట్లే అడగండి. రష్యాలో ఉన్నిని ఒత్తి చేసే వాలెంకీ బూట్ల మీద రబ్బరు తొడుగు వేసుకునేది కూడా ఇందుకే.

తడిస్తే హీటరు పక్కన పెట్టకండి. తోలు బిరుసెక్కి పగులుతుంది. లోపల పాత కాగితాలు కూరి, గాలి ఆడేచోట ఒక రోజు వదిలేయండి. ఉప్పు మరకకు వెనిగర్ కలిపిన నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో అద్దితే చాలు. గొర్రెతోలు తొడుక్కోవడం మనసుకు ఇష్టం లేని కుటుంబాలు మనలో ఉన్నాయి. వాళ్లు ఒత్తిన ఉన్ని బూట్లు గాని, కృత్రిమ నింపుడు ఉన్న మంచుబూట్లు గాని కొనుక్కోవచ్చు. అవీ చలిని ఆపుతాయి.

పిల్లలకు ఒక మాట. అమ్మానాన్నల పాదాల కొలత ఫోనులో అడిగి, బూట్లు ఆన్‌లైన్‌లో తెప్పించి ఉంచకండి. అంత దూరం కూర్చుని వచ్చిన కాళ్లు వాచి ఉంటాయి, రెండు మూడు రోజులు ఆగండి. ఒక సాయంత్రం దుకాణానికి తీసుకెళ్లి, కూర్చోబెట్టి, రెండు కాళ్లకూ తొడిగించి, నాలుగడుగులు నడిపించి కొనండి. షుగర్ ఉన్నవాళ్లయితే మొదటి వారం ప్రతి రాత్రీ వాళ్ల పాదాలు మీ కళ్లతో మీరే చూడండి.