గ్లాసులో గ్లాసు ఇరుక్కుంటే

స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోవడం మన వంటిళ్ళలో మామూలే కదా. రెండు చేతులా పట్టుకుని ఎంత లాగినా రావు, మన వేళ్ళే నొప్పి పుడతాయి. లోపలి గ్లాసులో చన్నీళ్ళు పోసి, బయటి గ్లాసుని వేణ్ణీళ్ళలో కాసేపు ఉంచితేనో, అంచు చుట్టూ చిన్నగా తడితేనో టక్కున వదిలేస్తాయి. ఈ కిటుకే కార్ల రిపేరులో కూడా పనికొస్తుందని మొన్న సంక్రాంతి వెళ్ళాక తెలిసింది నాకు.

మా ఇంట్లో అంబాసిడర్ ఉందని ఇదివరకు చెప్పాను మీకు. 1986లో మామయ్యగారు కొన్నారు. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు నమూనాతో బెంగాల్లో తయారైన ఆ బండ్లు 2014 నుంచి రావడం ఆగిపోయాయి. నేను కోడలిగా ఈ ఇంటికి వచ్చింది అందులోనే, మా అబ్బాయిని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకుంది అందులోనే. మామయ్యగారికిప్పుడు 78 ఏళ్ళు. ఈమధ్య దాకా గుడికి, రైతు బజారుకి తనే నడుపుకుంటూ వెళ్ళేవారు.

దసరా అప్పుడు స్టీరింగ్ వదులైంది. కొంచెం తిప్పినా చక్రాలు కదలవు, గతుకుల్లో ముందు నుంచి టకటకమని చప్పుడు. మావారు బండి కిందికి దూరి చూసి టై రాడ్ ఎండ్లు అరిగిపోయాయన్నారు. స్టీరింగ్ తిప్పితే ఆ కదలికని చక్రం దాకా తీసుకెళ్ళే కడ్డీ చివర, గిన్నెలో గోళీలాగా తిరిగే కీలు అది. మన తుంటి కీలు అనుకోండి. మరీ అరిగితే గోళీ గిన్నెలోంచి ఊడిపోతుంది. అప్పుడు స్టీరింగ్ మన చేతిలో ఉన్నా ఆ చక్రం మన మాట వినదు.

ఆ భయం ఒకటైతే, మాకు ఇంకో భయం ఉంది. మామయ్యగారికి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, సాయంత్రమైతే ఎదురు బండ్ల లైట్లకి కళ్ళు మూసుకుంటున్నారు. ఇక నడపొద్దని ఎవరు చెప్పాలి? "నువ్వు చెప్పు, నీ మాట వింటారు" అంటారు మావారు. "కన్నకొడుకు మీరుండగా నేనెవర్ని చెప్పడానికి" అంటాను నేను. మూడు నెలలు స్టీరింగ్ బాగాలేదన్న వంకతోనే నెట్టుకొచ్చాం. ఈలోపు రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గరపడింది. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి తప్పదు కదా. ఇక బాగుచేయక తప్పలేదు.

కొత్త ఎండ్లు వెతికి తెప్పించారు. పాతవి ఊడదీయడానికి ఒక మెకానిక్ వచ్చాడు. ఒకవైపుది వచ్చింది, రెండోది రానంది. గంటసేపు బాది, "గ్యాస్ పెట్టి కాల్చాలి సార్" అన్నాడు. వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్న మామయ్యగారు ఒప్పుకోలేదు. పక్కనే రబ్బరు, గ్రీజు, బ్రేకు గొట్టం ఉన్నచోట మంటేమిటని కేకలేశారు. ఆ అబ్బాయి సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆదివారం. మావారే మొదలుపెట్టారు. పొలం అమ్మిన దగ్గర్నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటలు "భోజనం అయిందా", "అయింది" దగ్గరే ఆగిపోయాయి. ఆ రోజు మాత్రం ఆయన చెప్పక తప్పలేదు, ఈయన వినక తప్పలేదు.

"లాగితే రాదురా అది. చివరికి పోయేకొద్దీ సన్నబడే బోల్టు అది, అలాంటి కన్నంలోనే బిగుసుకుని ఉంటుంది. నట్టు ఊడినంత మాత్రాన వదలదు" అన్నారు. నాకు వెంటనే గ్లాసులు గుర్తొచ్చాయి.

ఆయన చెప్పించిన పద్ధతి ఇదీ. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా బండి కింద స్టాండ్లు పెట్టాలి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాలి. కళ్ళకి అద్దాలుండాలి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలి. స్ప్లిట్ పిన్ను తీసి, నట్టుని నాలుగు చుట్లు వదులు చేయాలే గానీ పూర్తిగా తీయకూడదు. ఊడినప్పుడు కడ్డీ ఎగిరి మీదపడకుండా ఆ నట్టే ఆపుతుంది. పుల్లర్ తగిలించి గట్టిగా బిగించాలి. అప్పుడు దెబ్బ బోల్టు నెత్తిన కాదు, అది దూరిన కన్నం పక్కన, ఇనుప చేయి మీద వేయాలి. ఆ అదురుకి కన్నం క్షణంపాటు సాగి పట్టు వదులుతుంది.

దెబ్బకి అవతలివైపు ఆనిక ఉండాలి కదా. "అమ్మాయ్, ఆ సమ్మెట ఇటు ఆనించి పట్టుకో" అన్నారు మామయ్యగారు. చీర కొంగు దోపుకుని పట్టుకున్నాను. మొదటి దెబ్బకి నా మోచేతుల దాకా జివ్వుమంది. రెండోదానికీ ఏం కాలేదు. "ఇంకొంచెం బిగించు పుల్లరు. తొందరపడకు, నాన్నా" అన్నారాయన. ఆ "నాన్నా" విని ఎన్నేళ్ళైందో. మావారు తలెత్తకుండా పుల్లర్ బిగించారు. మూడో దెబ్బకి తుపాకీ పేలినట్టు ఠంగుమంది. వదిలేసింది.

పాతది కడ్డీలోంచి తిప్పి తీసేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి క్యాలెండర్ మీద రాయించారు నాతో. కొత్తది సరిగ్గా అన్నే చుట్లు ఎక్కించాలట. బిగించేటప్పుడు నట్టుతోపాటు బోల్టూ తిరిగిపోతుంటే, కింద నుంచి జాకీతో కొద్దిగా ఒత్తి పట్టించారు. స్ప్లిట్ పిన్ను మాత్రం పాతది వాడనివ్వలేదు. "పది రూపాయల పిన్ను దగ్గర లోభమా" అన్నారు.

సోమవారం వీల్ ఎలైన్‌మెంట్‌కి బయల్దేరాం. మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. మావారూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. స్టీరింగ్ బాగాలేదన్న వంక కూడా లేదిక.

ఆయన డ్రైవరు వైపు తలుపు తీసి, స్టీరింగ్ ఇటూ అటూ తిప్పి చూసి, తాళాలు కొడుకు చేతిలో పెట్టారు. "బండి కీళ్ళు బాగుపడ్డాయి. నా కళ్ళే బాగుపడవు. నువ్వు నడుపు" అని ఎడమవైపు వెళ్ళి కూర్చున్నారు.

దారి పొడుగునా గేరు మార్చమనీ, హారన్ కొట్టమనీ చెబుతూనే ఉన్నారు. మావారు ఒక్కదానికీ విసుక్కోలేదు.