లాగిన్ పట్టిక పలికే సాక్ష్యం

మా సంస్థలో కంప్యూటర్ నెట్‌వర్క్ నిర్వహణ నా బాధ్యత. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో పరిశీలించే స్క్రిప్టు ఒకటి ప్రతి శనివారం నడిచి, 90 రోజులుగా ఎవరూ వాడని ఖాతాలను ఏరి చూపుతుంది. ఉద్యోగం వదిలిన వ్యక్తి ఖాతా తెరిచి ఉండటమంటే, ఇల్లు ఖాళీ చేసినవారి వద్ద తాళంచెవి మిగిలిపోవడమే. ఆ తాళాలకు కాపలా ఉండటాన్ని అమానతుగానే భావిస్తాను.

గత రమజానులో ఒక అధికారి నన్ను పిలిపించి, ఒక సోదరుని లాగిన్ వివరాలు మాత్రమే తీయమన్నారు. అతడు విధులకు సరిగా రావడం లేదని ఆయన అనుమానం. వేరెవరో తీసిచ్చిన కాగితం చేతిలో ఉంది: చివరి లాగిన్ జరిగి 11 రోజులు.

ఆ తేదీ ఏ గడిలోనిదో చూశాను. విండోస్ డొమైన్‌లో ‘లాస్ట్ లాగాన్ టైమ్‌స్టాంప్’ సర్వర్లన్నింటికీ చేరుతుంది గాని, ప్రతి లాగిన్‌కూ మారదు. మామూలు అమరికలో 14 రోజుల వరకు వెనుకబడి ఉండవచ్చు. వాడకంలో లేని ఖాతాలను గుర్తించడానికే అది ఉద్దేశితం, హాజరు వేయడానికి కాదు. ‘లాస్ట్ లాగాన్’ కచ్చితమైనదే, అయితే లాగిన్‌ను ధ్రువీకరించిన డొమైన్ కంట్రోలర్‌లోనే అది నిలిచిపోతుంది. మాకున్న రెండు కంట్రోలర్లనూ అడిగితే, ఆ సోదరుడు ఆనాటి ఉదయమే లాగిన్ అయినట్లు తేలింది.

సెక్యూరిటీ లాగ్ కూడా ఇటువంటిదే. 4625 అంటే విఫలమైన ప్రయత్నం. పాస్‌వర్డు మార్చుకున్న వ్యక్తి ఫోనులో పాతది మిగిలిపోతే, ఆ ఫోను పదేపదే తలుపు తడుతూనే ఉంటుంది; లెక్క మాత్రమే చూసేవానికి అది దొంగతనంలా తోస్తుంది. 4624 విజయవంతమైన లాగిన్‌కు గుర్తు. అయితే మరో కంప్యూటరులోని ఫైళ్ళను తెరిచినా అక్కడ అదే సంఖ్య పడుతుంది. రకం 2 అయితే మనిషి ఆ యంత్రం ముందు కూర్చున్నాడని, రకం 3 అయితే నెట్‌వర్క్ ద్వారా వచ్చాడని విడదీసి చూడాలి.

హుజురాత్ సూరా 6వ ఆయతు, అందిన వార్తను నిర్ధారించుకోమంటుంది. 12వ ఆయతు దురనుమానాన్నీ, పరుల గుట్టు వెదకడాన్నీ నిషేధిస్తుంది. నా వృత్తి సరిగ్గా ఈ రెంటి నడుమే సాగుతుంది. ఖాతాలన్నింటినీ ఒకే నియమంతో చూడటం కాపలా. ఒక్కని పేరు పట్టుకుని అతని గడియలు లెక్కించడం వేరు.

అధికారి ఆ కాగితాన్ని పక్కన పెట్టారు. ఏమేమి నమోదవుతుందో, ఎన్నాళ్ళు భద్రమవుతుందో సిబ్బందికి తెలిపే ప్రకటనను తెలుగులోనూ ఉర్దూలోనూ గోడకు అంటించాము. ఒక వ్యక్తిపై విడిగా విచారించాలంటే రాతపూర్వక ఫిర్యాదు తప్పనిసరి అని కూడా రాసిచ్చాను. దానిపై మాత్రం ఆయన ఇంకా సంతకం చేయలేదు.