ఒక్కదాన్నే, ఓడ మీద

మహారాష్ట్ర సరిహద్దు ఊరు దెగ్లూర్‌లో పుట్టినోళ్లకు సముద్రమంటే స్కూల్ మ్యాపుల నీలిరంగు. మాకు తెలిసిన నీళ్లు లెండి నదివి, అవీ వానాకాలంలనే నిండుగుంటయ్. అట్లాంటి నేను మధ్యధరా సముద్రంల ఏడు రోజుల క్రూజ్‌కు పోతున్నా అంటే పక్కింటి కాకూ మరాఠీల అడిగింది: "ఏక్టీచ్?" మా పెద్దమ్మ తెలుగుల అదే అడిగింది: "ఒక్కదానివేనా బిడ్డా?" రెండు భాషల ఊర్ల ఏ ప్రశ్నకైనా రెండుసార్లు జవాబు చెప్పాలె.

ఓడలోళ్లదీ అదే లెక్క. గది ధర ఇద్దరికని కడ్తరు. ఒక్కరే పోతే రెండో మనిషి ఖర్చుల చాలా మట్టుకు మనమే మోయాలె. లేని మనిషికి టికెట్ కొన్నట్టే!

అయితేనేం? బార్సెలోనా, మార్సెయ్, జెనోవా, నేపుల్స్... రాత్రి పడుకుంటే పొద్దున కొత్త ఊరు. మూట సర్దే పని లేదు. నేపుల్స్‌ల వెసూవియస్ కొండ కనబడ్డది. క్రీ.శ. 79ల పాంపేయిని బూడిదల పూడ్చింది అదే. ఆ పాంపేయికి పోయి, రాతి వీధుల్ల బండి చక్రాలు కోసిన గాడులు చూసుకుంట గంటసేపు నిలబడ్డ. మా దెగ్లూర్ దగ్గరి హొట్టల్ ఊర్ల చాళుక్యుల గుడి రాళ్లు యాదికొచ్చినయ్. "ఇగ నడువు" అనేటోళ్లు లేరు. అదే సుఖం.

రాత్రి పాస్తా మీద ఇంటి పల్లీపొడి చల్లుకున్న. ఎవరూ నవ్వలే. నవ్వినా నాకేంది?

వచ్చినంక కాకూ ఫోటోలు చూసి అడిగింది, ఇవన్నీ ఎవరు తీసిన్రని. ఒక్కో ఫోటో ఒక్కో కొత్త మనిషి తీసిందే, కాకూ!